కంబోడియాలో చిక్కుకున్న మేనల్లుడు: ఇక్కడ ఇచ్చిన కాయితం అక్కడిదాకా ఎట్లా పోతుంది?

నకిరేకల్ మామ | ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ బత్తాయి తోటల ముచ్చట్లు చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ వేరే దారి తోచక రాస్తున్నా.

మా అక్క కొడుకుకు 24 ఏళ్లు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్‌లో డెలివరీ పని చేశాడు. విదేశాలకు మనుషులను పంపిస్తానని మా పక్క మండలంలో ఒకాయన తిరుగుతుంటాడు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు 75 వేలు, తిండి, రూము కంపెనీదే అన్నాడు. లక్షా 60 వేలు తీసుకున్నాడు. అక్క పుస్తెలతాడు కుదువబెట్టి ఇచ్చింది. శంషాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి నాంపెన్. టూరిస్టు వీసా మీద పోయాడు.

దిగిన రోజే పాస్‌పోర్టు గుంజుకున్నారట. ఊరికి దూరంగా పెద్ద బిల్డింగులు, చుట్టూ గోడ, గోడ మీద కరెంటు తీగ. పని డేటా ఎంట్రీ కాదు. మన తెలుగువాళ్లకే ఫోన్లు చేసి పైసలు గుంజడం. చేయనంటే తిండి బంద్, ఆపైన దెబ్బలు. వాడు అర్ధరాత్రి దాటాక బాత్రూంలో నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో అక్కతో మాట్లాడతాడు. రెండు నిమిషాలు కూడా ఉండదు. నిన్న మాత్రం ఏమీ మాట్లాడలేదట, నీళ్ల చప్పుడే వినిపించిందట. విడిచిపెట్టాలంటే 3 వేల డాలర్లు కట్టాలంటున్నారు.

ఒక స్టేషన్‌కు పోతే "అది బయటి దేశంలో జరిగింది, మా పరిధి కాదు, హైదరాబాద్ పోండి" అన్నారు. ఎవరి దగ్గరికి పోవాలి? ఇక్కడి పోలీసులు అక్కడి పోలీసులతో మాట్లాడే పద్ధతి ఏదైనా ఉందా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఏజెంట్ పేరు, మావాడి పాస్‌పోర్టు ఫొటో కింద పెడుతున్నా.

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 11:48

ఏజెంట్ పేరు, పాస్‌పోర్టు ఫొటో తీసేశాను. ఇది అందరూ చూసే చోటు. బాబు ఏ బిల్డింగులో ఉన్నాడో, ఏ వేళకు ఫోన్ చేస్తాడో కూడా ఇకమీదట ఇక్కడ రాయకండి. వాడి ప్రాణానికి ముప్పు.

పాత లాఠీ | సోమవారం, ఉదయం 5:50

తమ్ముడూ, నేను 33 ఏళ్లు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి ఏఎస్ఐగా రిటైరయినవాణ్ణి. మీ పోస్టు చూశాక చాయ్ కూడా తాగబుద్ధి కాలేదు.

"మా పరిధి కాదు" అనడానికి చట్టంలో చోటు లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చూడండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మీకు ఆ జీరో అవసరం కూడా లేదు, ఎందుకంటే నేరం మొదలైందే ఇక్కడ. మాయమాట చెప్పింది ఇక్కడ, పైసలు తీసుకుంది ఇక్కడ, విమానం ఎక్కించింది ఇక్కడి నుంచి.

ఫిర్యాదు రాసే పద్ధతి చెబుతా, జాగ్రత్తగా వినండి. "మా పిల్లగాడు కంబోడియాలో కష్టాల్లో ఉన్నాడు" అని మొదలుపెట్టకండి. చదివే రైటర్ ఆ మొదటి లైను చూసే ఇది మనది కాదని పక్కన పెడతాడు. "ఫలానా తేదీన, ఫలానా ఊరిలో, ఫలానా మనిషి ఇంత సొమ్ము తీసుకుని, అబద్ధం చెప్పి పంపించాడు" అని మొదలుపెట్టండి. పైసలు ఫోన్‌పేలో పంపారా, చేతికిచ్చారా? ఫోన్‌పే అయితే ఆ వివరం ప్రింటు తీయండి. చేతికిస్తే చూసినవాళ్ల పేర్లు రాయండి. వాట్సాప్ మాటలు ఒక్కటీ డిలీట్ చేయొద్దు. మనుషుల అక్రమ రవాణాకు భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్, మోసానికి 318, లైసెన్సు లేకుండా విదేశాలకు మనుషులను పంపినందుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో 10, 24. వీటిని మీరు రాయక్కర్లేదు, అడిగితే చెప్పేందుకు గుర్తుంచుకోండి.

ఇవాళ సోమవారం. నేరుగా ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్‌కు పోండి. అక్కను వెంట తీసుకుపోండి.

దేవరకొండ ప్రవాసి | సోమవారం, ఉదయం 7:15

అన్నా, 11 ఏళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాణ్ణి. రెండు మాటలు.

ఒకటి, ఆ 3 వేల డాలర్లు కట్టకండి. కడితే మీ దగ్గర పైసలున్నాయని తెలిసిపోతుంది. విడిచిపెడతామని తీసుకుని ఇంకో కంపెనీకి అమ్మేసిన సంగతులు మనవాళ్లు తిరిగొచ్చి చెబుతున్నారు.

రెండు, పోలీసు పని ఒక పక్క నడవనీయండి, రాయబార కార్యాలయం పని ఇంకో పక్క మొదలుపెట్టండి. విదేశాంగ శాఖకు మదద్ అని పోర్టల్ ఉంది, అందులో ఫిర్యాదు వేయండి. నాంపెన్‌లో మన ఎంబసీ ఉంది, వాళ్లకు ఈమెయిల్ పెట్టండి. పాస్‌పోర్టు నంబరు, పోయిన తేదీ, ఫోన్‌లో లొకేషన్ వీలైతే అది కూడా. పిల్లవాడి ఫోన్‌కు ఎక్కువ మెసేజ్‌లు పంపకండి, వాళ్లు చెక్ చేస్తారు.

ఇంకొకటి మనసులో ఉన్నది చెప్తా. మా కాలంలో పదో తరగతి తప్పినవాడు గల్ఫ్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ముద్ర కావాలి. 18 దేశాలకు ఆ నియమం ఉంది. థాయిలాండ్, మలేషియా ఆ లిస్టులో ఉన్నాయి, కంబోడియా, లావోస్, మయన్మార్ లేవు. పైగా పది పాసైతే మామూలుగా ఆ ముద్ర అక్కర్లేదు. అంటే చదువుకున్న పిల్లవాడు టూరిస్టు వీసా మీద పోతుంటే ఆపి అడిగే గేటు ఎక్కడా లేదు. ఏజెంట్లు డిగ్రీ పిల్లలనే వెతుక్కోవడానికి ఇంగ్లిష్, కంప్యూటర్ ఒక్కటే కారణం కాదు.

లెక్కల సారు, మిర్యాలగూడ | సోమవారం, ఉదయం 10:05

అందరూ సలహాలిస్తున్నారు. నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను, బాధ కలిగితే క్షమించండి.

నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ను. పోయిన వానాకాలం నాకొక ఫోన్ వచ్చింది. నా ఆధార్‌తో ముంబైలో ఖాతా తెరిచారని, మనీ లాండరింగ్ కేసని, డిజిటల్ అరెస్టు చేశామని. వీడియోలో యూనిఫాం, వెనక జెండా, గోడకు గాంధీ ఫొటో. మూడు రోజులు నా ఇంట్లో నా గదిలో నేనే ఖైదీని. మా ఆవిడ అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేది, ఏం జరుగుతోందో చెప్పొద్దన్నారని చెప్పలేదు. మూడో రోజు ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి 14 లక్షలు పంపాను. 35 ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని.

చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని తర్వాత తెలిసింది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో చెప్పిన మాటే అది. ఆ రోజు నేను వినలేదు.

మొదట మాట్లాడినవాడు హిందీ. నాకు అర్థం కావడం లేదంటే ఇంకొకడికి కలిపారు. వాడు అచ్చం మన యాస. "సార్, మీరేం ఫికర్ చేయకుండ్రి, నేను మీ కొడుకు లాంటోణ్ణి, ఫోన్ మాత్రం పెట్టకుండ్రి" అన్నాడు. ఆ గొంతు విని నమ్మాను. ముంబై పోలీసును నమ్మలేదు, మా నల్లగొండ పిల్లవాణ్ణి నమ్మాను.

అలాంటి పిల్లలను విడిపించాలని ఇక్కడ అందరూ పరుగెత్తుతున్నారు. నా 14 లక్షల కోసం ఏ దేశం పోలీసు పరుగెత్తాడు?

నకిరేకల్ మామ | సోమవారం, మధ్యాహ్నం 3:30

సార్, మీ కాళ్లు పట్టుకుంటా. మావాడు ఎంతమందికి ఫోన్లు చేశాడో నాకు తెలియదు. చేయలేదని చెప్పలేను.

ఎస్పీ ఆఫీసులో ఫిర్యాదు తీసుకున్నారు. పాత లాఠీ అన్న చెప్పినట్టే రాశాం. సాయంత్రంలోగా ఎఫ్‌ఐఆర్ కడతామన్నారు. అక్క అక్కడ బెంచీ మీద కూర్చుంటే ఒక లేడీ కానిస్టేబుల్ మంచినీళ్లు తెచ్చిచ్చి, మావాడి ఫొటో అడిగి తీసుకుంది.

జడ్చర్ల అక్క | సోమవారం, రాత్రి 8:40

సారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను. మీ పోస్టు చదివి కళ్లు తిరిగాయి. మీ పైసలు కంబోడియాకు నేరుగా పోలేదు. మొదట పోయింది మన దేశంలోనే ఎవరో ఒక పిల్లవాడి ఖాతాకు.

పాలమూరులో ఇది నా కళ్లతో చూశాను. కాలేజీ పిల్లవాడు, జీరో బ్యాలెన్స్ ఖాతా, ఆరు నెలలుగా 300 రూపాయలు దాటలేదు. ఒక రోజు మధ్యాహ్నం 9 లక్షలు వచ్చి పడ్డాయి. పది నిమిషాల్లో పన్నెండు ఖాతాలకు చీలిపోయాయి. పిలిపించి అడిగితే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, దానికి ముడిపెట్టిన సిమ్ మూడూ కలిపి 5 వేలకు ఒకరికిచ్చానన్నాడు. వాళ్లమ్మ ఉపాధి పనికి పోతుంది. కౌంటర్ అవతల నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కేసు ఆ పిల్లవాడి మీదే పడింది.

అక్కడి నుంచి రెండో వరస ఖాతాలు, మూడో వరస ఖాతాలు, ఆపైన యూఎస్‌డీటీ అనే క్రిప్టో. అందులోకి మారిందా, సరిహద్దు దాటినట్టే. కొన్నిసార్లు మన కార్డులే దుబాయ్ పోతాయి, అక్కడ ఏటీఎంలో పైసలు తీస్తారు.

అందుకే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది. ఆ నంబరుకు బ్యాంకులు కలిసి ఉన్నాయి. ఫిర్యాదు ఎక్కగానే ఏ ఖాతాలో సొమ్ము ఉంటే ఆ బ్యాంకుకు మెసేజ్ పోతుంది, అంతవరకు హోల్డ్ పెడతాం. సొమ్ము మా కంటే ముందు పరుగెత్తితే హోల్డ్ పెట్టడానికి ఏమీ మిగలదు. మీరు ఎన్ని గంటలకు చేశారు సారూ?

లెక్కల సారు, మిర్యాలగూడ | సోమవారం, రాత్రి 9:10

రెండు రోజుల తర్వాత చేశానమ్మా. సిగ్గుతో. 90 వేలు మాత్రం ఎక్కడో ఆగాయన్నారు.

జడ్చర్ల అక్క | సోమవారం, రాత్రి 9:25

ఆ 90 వేలకు కోర్టు ఆర్డర్ కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌లో ఇలాంటివి తేలుస్తున్నారు. మీ ఫిర్యాదు నంబరు పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. సిగ్గు పడాల్సింది మీరు కాదు సారూ.

కోదాడ బైపాస్ | మంగళవారం, ఉదయం 9:00

నాకు అర్థం కాని ప్రశ్న. ఇంటర్‌పోల్ ఉంది కదా? బిల్డింగ్ ఎక్కడుందో తెలుసు, మనోడు లోపలున్నాడని తెలుసు. ఇంటర్‌పోల్ పోలీసులు పోయి తలుపులు పగలగొట్టడానికి ఏం అడ్డం?

గడియారం సెంటర్ వకీలు | మంగళవారం, రాత్రి 10:30

మంచి ప్రశ్న తమ్ముడూ. కోర్టు పని అయ్యాక తీరుబడిగా రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

తలుపులు పగలగొట్టే పోలీసులు ఇంటర్‌పోల్‌కు లేరు. సినిమాలు చూసి మనం అలా అనుకుంటాం. అది 196 దేశాల పోలీసులు ఒకరికొకరు సమాచారం పంపుకునే సంస్థ. 1923లో వియన్నాలో మొదలైంది, ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంది. మన దేశం 1949లో చేరింది. ప్రతి దేశంలో ఒక ఆఫీసు దానికి తలుపులాంటిది. మనకు ఆ తలుపు ఢిల్లీలోని సీబీఐ. అరెస్టు చేసేది ఎప్పుడూ ఆ నేల మీది పోలీసే, ఆ నేల చట్టంతోనే.

రెడ్ నోటీసు అంటే కూడా అరెస్టు వారెంటు కాదు. "మా కోర్టు వారెంటు ఇచ్చిన మనిషి ఇతను, కనబడితే చెప్పండి" అని కోరడం. దానికి ఎంత విలువ ఇవ్వాలో ఆ దేశం చూసుకుంటుంది. మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి బ్లూ నోటీసు, తప్పిపోయినవాళ్లకు ఎల్లో నోటీసు. అక్రమంగా సంపాదించిన ఆస్తుల జాడ తీయడానికి 2025 జనవరిలో సిల్వర్ నోటీసు ప్రయోగాత్మకంగా మొదలైంది. మన మాష్టారి లాంటివాళ్లకు ముందు ముందు పనికొచ్చేది అదేనని నా ఆశ.

మనోళ్ల కాయితం ప్రయాణం ఇలా ఉంటుంది. స్టేషన్ నుంచి ఎస్పీ, ఎస్పీ నుంచి రాష్ట్రంలో ఇంటర్‌పోల్ పని చూసే అధికారి, అక్కడి నుంచి సీబీఐ, సీబీఐ నుంచి నాంపెన్. గతంలో ఇదంతా ఉత్తరాలు, ఫ్యాక్సులు. 2025 జనవరిలో సీబీఐ భారత్‌పోల్ అనే పోర్టల్ తెచ్చింది. జిల్లా నుంచి పైదాకా ఒకే చోట నడుస్తుంది. కానీ పోర్టల్లో ఎక్కించాలంటే కింద ఎవరో ఒక ఎస్ఐ కూర్చుని వివరాలు పూర్తిగా రాయాలి కదా. అసంపూర్తి కాయితం ఎంత వేగంగా పంపినా తిరిగే వస్తుంది.

ఇది సమాచారం దారి. కోర్టులో నిలబడే సాక్ష్యం కావాలంటే దారి వేరు. సురక్షా సంహిత 112వ సెక్షన్ కింద మన కోర్టు ఆ దేశానికి ఒక విన్నపం రాయాలి. అది కేంద్ర హోంశాఖ మీదుగా పోతుంది. వాళ్ల భాషలోకి తర్జుమా కావాలి. మనం నేరమంటున్నది వాళ్ల చట్టంలో కూడా నేరమేనా అని చూస్తారు. పరస్పర న్యాయ సహకార ఒప్పందం ఉంటే ఒక లెక్క, లేకపోతే "మీకు అవసరమైనప్పుడు మేమూ చేస్తాం" అనే మాట మీద నడవాలి. నెలలు పడుతుంది, ఏళ్లు కూడా పడుతుంది. దొంగ సొమ్ముకు పది నిమిషాలు, మన కాయితానికి పది నెలలు. నా బాధంతా ఇదే.

అట్లని సరిహద్దు వద్దందామా అంటే, నేను వద్దనలేను. మన పక్కనే జరిగిన ముచ్చట చెబుతా. నిజాం కాలంలో సిమ్లా మెజిస్ట్రేట్ ఇచ్చిన వారెంటు పట్టుకుని వచ్చి, మన శంకర్‌పల్లి రైల్వే స్టేషన్‌లో మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు. రైలు పట్టాల మీద అధికారం మాకు వదిలేశారు కదా అని వాళ్ల వాదన. 1897లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి ఆఖరి కోర్టు, ఆ అరెస్టు చెల్లదంది. రైల్వే కోసం ఇచ్చిన అధికారం రైల్వే పనికే చెల్లుతుంది, వేరే కేసులో మనిషిని పట్టుకోవడానికి కాదంది. ఎవడి పోలీసు అయినా ఎవడి నేల మీదికైనా వచ్చి మనిషిని ఎత్తుకుపోవచ్చంటే నష్టపోయేది చిన్నవాళ్లే. కాబట్టి సరిహద్దు ఉండాలి, దాని మీద పోలీసులు మాట్లాడుకునే తలుపు తొందరగా తెరుచుకోవాలి.

పాత లాఠీ | బుధవారం, ఉదయం 6:10

వకీలు సాబ్ చెప్పింది నిజం. దేశంలోపలే మేం పడ్డ తిప్పలు చూడండి. ఒక కేసులో జార్ఖండ్ పోయాం, నలుగురం. భాష రాదు. లోకల్ స్టేషన్‌లో ఎంట్రీ వేయించుకుని, వాళ్ల సిపాయిలు వచ్చేదాకా ఆగి, ఊరు చేరేసరికి ఇల్లు ఖాళీ. రెండోసారి పోయినప్పుడు అక్కడి ఎస్ఐ నంబరు మా దగ్గరుంది. ముందురోజే మాట్లాడుకున్నాం. తెల్లారి 4 గంటలకు మనిషి దొరికాడు, మధ్యాహ్నానికి మనిషిని ఇక్కడికి తెచ్చుకునే ట్రాన్సిట్ వారెంటు చేతిలో ఉంది. చట్టం రెండుసార్లూ అదే. మారింది ఆ ఫోన్ నంబరొక్కటే. దేశాల మధ్య కూడా అంతే అనుకుంటా.

హుజూర్‌నగర్ టు లుసాకా | బుధవారం, సాయంత్రం 6:45

పాత లాఠీ అన్నా, మీ మాటకు ఇక్కడి సంగతి కలుపుతా. నేను జాంబియాలో మందుల కంపెనీలో ఎనిమిదేళ్లుగా ఉన్నా.

ఆఫ్రికా దక్షిణ భాగంలో దేశాల పోలీసు అధిపతులు 1995లో ఒక సంఘం పెట్టుకున్నారు. సార్ప్‌కో అంటారు. హరారేలోని ఇంటర్‌పోల్ ప్రాంతీయ ఆఫీసు దాన్ని నడిపిస్తుంది. అప్పట్లో పెద్ద బాధ దొంగ కార్లు. ఒక దేశంలో పోయిన బండి రెండు సరిహద్దులు దాటి ఇక్కడ కొత్త కాయితాలతో తిరిగేది. ఇప్పుడు ఆపరేషన్ పెట్టుకుంటే రెండు మూడు దేశాల పోలీసులు ఒకే చెక్‌పోస్టులో పక్కపక్కన నిలబడతారు. జింబాబ్వే సరిహద్దులో చిరుండు దగ్గర మా కంపెనీ బండి ఆపి, బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు మీద మట్టి గుడ్డతో తుడిచి, ఒకాయన చదువుతుంటే ఇంకో యూనిఫాంలో ఉన్నాయన కంప్యూటర్లో కొట్టాడు. ఐదు నిమిషాల్లో పొమ్మన్నారు. ఇవేవీ ధనిక దేశాలు కావు. ఒకరి బాధ ఇంకొకరి బాధ కూడా అయింది కాబట్టి కుదిరింది.

పేట పిల్ల, హేగ్ | బుధవారం, రాత్రి 11:55

సూర్యాపేట నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. రోజూ సైకిల్ మీద యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ ఆఫీసు ముందు నుంచే పోతాను. వాళ్లకూ సొంతంగా అరెస్టు చేసే అధికారం లేదు. కానీ యూరప్ దేశాలు 2004 నుంచి ఉమ్మడి అరెస్టు వారెంటు పెట్టుకున్నాయి. పట్టుబడ్డవాడు ఒప్పుకుంటే 10 రోజుల్లో, ఒప్పుకోకపోతే మామూలుగా 60 రోజుల్లో అప్పగించాలా వద్దా తేల్చాలి. తేల్చేది జడ్జి, మంత్రి కాదు. ఆ గడువు చూస్తుంటే మన మాష్టారు సారే గుర్తొస్తున్నారు.

గడియారం సెంటర్ వకీలు | గురువారం, రాత్రి 9:20

మన చుట్టుపక్కల అలాంటిది లేదా అంటే, కాయితం మీద ఉంది. మన దక్షిణాసియా కూటమి సార్క్ దేశాలు మత్తుమందుల నేరాల మీద 1992లో, ఉగ్రవాదం మీద 1995లో కొలంబోలో డెస్కులు పెట్టుకున్నాయి. దేశాల మధ్య మాటలే లేనప్పుడు డెస్కు ఏం చేస్తుంది? బంగాళాఖాతం చుట్టుపక్కల కూటమి బిమ్స్‌టెక్ దేశాలు ఉగ్రవాదం, వ్యవస్థీకృత నేరాల మీద 2009లో ఒప్పందం రాసుకుంటే అది అమల్లోకి వచ్చింది 2021లో. పన్నెండేళ్లు. అందులో థాయిలాండ్, మయన్మార్ ఉన్నాయి, కంబోడియా, లావోస్ లేవు. ఆ నాలుగు దేశాలూ ఉన్న పోలీసు సంఘం ఆసియానాపోల్, 1981 నాటిది. అందులో మనం సభ్యులం కాదు. ఫోన్ చేసేది అక్కడి నుంచి, పైసలు పోయేది ఇక్కడి నుంచి. రెండు చివరలూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు లేదు.

అయినా గట్టిగా అనుకుంటే జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో థాయిలాండ్ మయన్మార్ సరిహద్దు ఊళ్లకు కరెంటు, ఇంటర్నెట్, డీజిల్ ఆపేసింది. చైనా ఒత్తిడి గట్టిగా పనిచేసింది. వేలమంది ఆ కాంపౌండ్ల నుంచి బయటపడ్డారు. మార్చి 10న 283 మందిని, మర్నాడు 266 మందిని మన వాయుసేన విమానాలు మే సాట్ నుంచి తెచ్చాయి. ఆ పట్టణానికి, మయన్మార్‌లోని మ్యావడీకి మధ్య ఉన్నది ఒక చిన్న ఏరు.

నకిరేకల్ మామ | 23 రోజుల తర్వాత, రాత్రి 10:15

ఇన్నాళ్లూ రాయలేదు, వకీలు సాబ్, లాఠీ అన్న వద్దన్నారు.

మావాడు ఇంటికొచ్చాడు.

ఎంబసీ ఇచ్చిన వివరాల మీద అక్కడి పోలీసులు పోయి వాడితో కలిపి ఏడుగురిని బయటికి తెచ్చారు. ఆ తర్వాత వీసా గడువు దాటిందని కొన్ని రోజులు ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర ఉంచారు. టికెట్ మేమే కొన్నాం. శంషాబాద్‌లో దిగగానే అధికారులు కూర్చోబెట్టి చాలాసేపు అడిగారు. అక్క ఆరు గంటలు బయట నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఇక్కడి ఏజెంట్‌ను పట్టుకున్నారు. వాడి పైన ఉన్నవాడు దుబాయ్‌లో ఉన్నాడట, విమానాశ్రయంలో కనబడితే పట్టుకునేలా లుకౌట్ సర్క్యులర్ వేస్తున్నారు.

మేనల్లుడు ఈ చర్చంతా చదివాడు. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఇవాళ ఫోన్ అడిగి తీసుకున్నాడు. కింద రాసింది వాడే.

నకిరేకల్ మామ | అదే రోజు, రాత్రి 10:50

నమస్తే. లెక్కల సారుకు రాస్తున్నాను.

సార్, నేను ఫోన్లు చేశాను. మొదటి వారం చేయలేదు, తర్వాత చేశాను. మీకు చేసింది నేను కాదు, అప్పటికి నేనింకా హైదరాబాద్‌లోనే ఉన్నాను. కానీ మీలాంటివాళ్లకు చేశాను.

మేం మూడో అంతస్తు. తెలుగువాళ్లం తొమ్మిదిమందిమి, పక్క వరసలో తమిళం, ఆ పక్కన హిందీ. పొద్దున ఒక లిస్టు ఇచ్చేవాళ్లు, పేరు, ఊరు, వయసు, కొన్నిటి ఎదురుగా 'రిటైర్డ్' అని గుర్తు. మా ఫోన్ వాళ్లకు ఇండియా నంబరులాగే కనబడేది. దానికి ఇక్కడ మన దేశంలోనే ఎవరి ఇంట్లోనో సిమ్ బాక్స్ పెడతారని ఆఫీసర్లు చెప్పారు. గోడకు తెల్లబోర్డు, దాని మీద రోజూ ఖాతా నంబర్లు రాసి సాయంత్రం తుడిచేవాళ్లు. నాకు గుర్తున్న పదకొండు నంబర్లు రాసిచ్చాను. అంతస్తు బొమ్మ గీసిచ్చాను. ఎవరెక్కడ కూర్చునేవాళ్లో కూడా.

లెక్కల సారు, మిర్యాలగూడ | మర్నాడు, ఉదయం 4:30

బాబూ, ఒక్కటే అడుగుతాను. నాకు ఫోన్‌లో "మీరేం ఫికర్ చేయకుండ్రి, మీ కొడుకు లాంటోణ్ణి" అన్నాడు. అది మీకిచ్చిన కాయితంలో ఉండేదా?

నకిరేకల్ మామ | మర్నాడు, ఉదయం 7:05

లేదు సార్. కాయితం మీద తెలుగు మిషన్ రాసినట్టు ఉండేది. "దయచేసి ఆందోళన చెందవద్దు, కాల్‌ను విచ్ఛిన్నం చేయవద్దు" అని. అది చదివితే అవతలివాళ్లు ఫోన్ పెట్టేసేవాళ్లు. పెట్టేస్తే మాకు దెబ్బలు. అందుకని మన మాటల్లోకి మేమే మార్చుకున్నాం. ఫికర్ చేయకుండ్రి అనేది నేను కూడా అన్నాను సార్. కొడుకు లాంటోణ్ణి అని కూడా.

పాత లాఠీ | మర్నాడు, ఉదయం 8:20

బాబూ, నువ్వు రాసిచ్చిన ఆ పదకొండు నంబర్లు చాలా పెద్ద సంగతి. సారు కేసు ఒక ఫైలు, నీ కేసు ఇంకో ఫైలు, జడ్చర్ల అక్క చెప్పిన ఖాతాలు మరో జిల్లాలో ఇంకో ఫైలు. ఇవి ఎవరో కలిపితే తప్ప కలవవు. సారు సొమ్ము పోయిన ఖాతాల్లో ఒక్కటైనా నీ లిస్టులో ఉంటే, లేదా అదే మనిషి పేరు మీద ఇంకో ఖాతా ఉంటే, ఢిల్లీ నుంచి నాంపెన్‌కు పోయే విన్నపం బరువు మారిపోతుంది. ఒక పిల్లవాణ్ణి మోసం చేశారని పోయే కాయితం వేరు, ఫలానా బిల్డింగు ఫలానా అంతస్తు నుంచి ఇంతమంది సొమ్ము పోయిందని పోయే కాయితం వేరు. సారూ, మీ బ్యాంకు స్టేట్‌మెంట్ ఉందా?

జడ్చర్ల అక్క | మర్నాడు, ఉదయం 9:40

సారూ, స్టేట్‌మెంట్ ఒక్కటే చాలదు. సొమ్ము పోయిన ప్రతిసారికీ ఒక లావాదేవీ నంబరు ఉంటుంది, అది స్పష్టంగా కనబడేలా బ్రాంచిలో ముద్ర వేయించుకోండి. 1930 ఫిర్యాదు నంబరు పైన రాయండి.

లెక్కల సారు, మిర్యాలగూడ | మర్నాడు, రాత్రి 8:15

ముద్ర వేయించాను. నాలుగు లావాదేవీలు, నాలుగు నంబర్లు. మా ఆవిడకు ఇవాళే మొత్తం చెప్పాను, మూడు రోజులు గదిలో ఏం జరిగిందో. తను కూడా వస్తానంటోంది.

బాబూ, రేపు పొద్దున బస్సుకు నల్లగొండ వస్తున్నాం. పదిన్నరకు గడియారం దగ్గర ఉంటాం. ఆ బొమ్మ గీసిన కాయితం జిరాక్స్ ఒకటి తెచ్చుకో. నువ్వు చెప్పే నంబర్లు, నా నంబర్లు ఎస్ఐ గారి ముందు పక్కపక్కన పెట్టి చూద్దాం. మీ అమ్మను కూడా తీసుకురా.

నకిరేకల్ మామ | మర్నాడు, రాత్రి 8:32

వస్తున్నాం సార్. ముగ్గురం.